పెరటి లెక్క రాసుకున్న ఆవిడకు, తోట సంఘానికి

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా పేటను ఎలా ముంచిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లు తీసేశాయి, బురద ఎత్తేశాం, చేతులకు ఆ వాసన మాత్రం ఇంకా వదలలేదు. కంటి నిండా నిద్రలేదు కాబట్టి, రాసినది అటూ ఇటూ అయితే సర్దుకోండి.

తమ్ముడు, మరదలు, మామయ్యగారి పిల్లలు వచ్చి ఇల్లంతా కడిగారు. ఇంటివాళ్లే కదా, వాళ్లకు విడిగా చెప్పేదేముంది. నేను చెప్పాలనుకున్నది తోట సంఘం గురించి.

పలకరించడానికి వచ్చిన ప్రతివారూ ఫ్రిజ్ పోయిందా, బండి పోయిందా అనే అడిగారు. అమ్మ అన్నిటికీ తల ఊపేది. ఏడవలేదు, అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. సంఘం వాళ్లు పారలు, గమేళాలు పట్టుకుని వచ్చిన రోజున, అరవై దాటిన ఒకావిడ తిన్నగా పెరట్లోకి వెళ్లి, బకెట్ బోర్లించి కూర్చున్నారు. "వదినగారూ, ఇక్కడ ఏమేమి ఉండేవో వరసగా చెప్పండి" అంటూ సంచిలోంచి పాత డైరీ తీశారు.

గోడవార బొప్పాయి. పక్కన నందివర్ధనం. బోరు దగ్గర దొండపాదు. కనకాంబరం ఏ రంగు అని ఆవిడ అడిగితే ఆకుపచ్చది కూడా ఉండేదని అమ్మ కొంచెం గొప్పగానే చెప్పింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొండుమల్లె దగ్గరికి వచ్చేసరికి మాట పెగలలేదు. అన్ని రోజుల ఏడుపూ అప్పుడు వచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. కాసేపు ఊరుకుని, "నల్లమట్టిలో పెట్టారా, ఎర్రమట్టి కలిపారా?" అన్నారు. అమ్మ ముక్కు తుడుచుకుని జవాబు చెప్పింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను, అక్కడ నిలబడటం నా వల్ల కాలేదు.

తర్వాతి వారం ఆటోలో మొక్కలు వచ్చాయి. పాల ప్యాకెట్లలో, పెరుగు డబ్బాలలో, ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ. సభ్యులు తలా ఒకటి తమ ఇళ్ల నుంచి ఇచ్చినవట. బొండుమల్లె అంటు కూడా ఉంది. ఆవిడ పేరు రాయవద్దన్నారు, రాయడం లేదు.

ఈ సంఘం ఏళ్ల తరబడి నడుస్తోంది. నెలకోసారి విత్తనాలు పంచుకుంటారు, కార్తికంలో ఉసిరి మొక్కలు ఇస్తారు, వినాయక చవితికి పత్రి ఉచితంగా ఇస్తారు. మేమూ ఏటా పత్రి తెచ్చుకుని దండం పెట్టి వచ్చేసేవాళ్లం, అంతే పరిచయం. ఈసారి చవితి సెప్టెంబరు 7న, బుడమేరు గండ్లు పూడ్చిన రోజే.

వెంటనే ఏదీ నాటవద్దన్నది కూడా వాళ్లే. పైన పేరుకున్న ఒండ్రు గీకేసి, నేల ఆరనిచ్చి, వేపపిండి, పశువుల ఎరువులో మాగబెట్టిన ట్రైకోడెర్మా (వేరు కుళ్లును అడ్డుకునే మేలు శిలీంధ్రం) కలిపించారు. నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి ఆడదు, బొప్పాయి ఒకటి రెండు రోజులకే పోతుంది, జామ తట్టుకుంటుందని చెప్పారు. ఆకులు రాల్చేసిందని మేము కొట్టేయబోయిన జామ ఇప్పుడు చిగురు వేస్తోంది.

నష్టం రాసుకోవడానికి సర్కారు తరఫున వచ్చిన వాళ్ల సంగతి ఎత్తకూడదనుకున్నాను, ఉండబట్టడం లేదు. కింది అంతస్తుకు 25,000, పై అంతస్తుకు 10,000 అని ప్రకటించారు. కిటికీ దాకా మునిగిన మా కింది వాటాను పై అంతస్తుగా రాసుకుపోయారు. దిద్దించుకోమంటారు, ఎక్కడికి వెళ్లినా ఇక్కడ కాదంటారు. బుడమేరు 2005లోనూ ముంచింది. అప్పటి నుంచి వాగు ఒడ్డున కట్టడాలు పెరగడం అందరం చూశాం. ఆ రాత్రి మా వీధికి ఒక్క మైకు హెచ్చరికైనా వినిపించలేదు. సరే, వదిలేస్తున్నాను.

అయ్యో, మరిచిపోయాను. పడవలో పాలు తెచ్చి గోడ మీదుగా అందించిన కుర్రాళ్లకు, ఫైరింజన్‌తో వీధి కడిగిన సిబ్బందికి, వేరే ఊళ్ల నుంచి వచ్చి మా బురద ఎత్తిన పారిశుధ్య కార్మికులకు దండాలు. మొక్కలు తెచ్చిన ఆటో ఆయన కిరాయి తీసుకోలేదు, ఆయనకు కూడా. ఎదురింటి పిన్నిగారు మూడు పూటలా టీ పంపారు, ఆవిడను వదిలేస్తే ఊరుకోరు.

సంఘం వాళ్లు వచ్చే ఆదివారం పక్క వీధికి వెళ్తున్నారు. అక్కడ చాలా ఇళ్లకు మాగిన పశువుల ఎరువు కావాలి. ఎవరి దగ్గరైనా ఉంటే గోనెసంచిలో కట్టి ఉంచండి, తమ్ముడు బండి వేసుకుని వస్తాడు.