మెత్తని పరుపులు తెస్తున్నాం, బండిని బొమ్మగా నిలబెట్టం

విలాసవంతమైన క్యాంపింగ్ సామగ్రి కూడా తయారు చేయబోతున్నామని చెప్పగానే మీలో చాలామంది ఉత్తరాలు రాశారు. "కొండదారుల్లో తిరిగే బండ్లకు సామాను అమర్చే మీకు ఈ మెత్తని పరుపులు, తెల్లని దుప్పట్లు ఎందుకు? ఉన్న పేరు పోతుంది" అని కొందరు కోప్పడ్డారు. "నడుము నొప్పితో నేల మీద పడుకోలేకపోతున్నాం, త్వరగా తెండి" అని ఇంకొందరు అడిగారు. అందరికీ సూటిగానే జవాబు చెబుతాను.

సుఖం వల్ల బండి పరువు పోదు. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించిన ల్యాండ్ రోవర్ పొలం పనులకోసం పుట్టిన మొరటు బండి. 1970లో అదే సంస్థ రేంజ్ రోవర్‌ను తెచ్చినప్పుడు లీఫ్ స్ప్రింగుల (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల) స్థానంలో బాగా సాగే కాయిల్ స్ప్రింగులు (చుట్టలుగా తిప్పిన ఉక్కు స్ప్రింగులు) పెట్టింది. కూర్చున్నవారికి కుదుపులు తగ్గాయి. గుంతల్లో చక్రాలు నేలను వదలకుండా పట్టుకున్నదీ ఆ స్ప్రింగుల వల్లే. సుఖాన్నీ సత్తువనూ ఒకే భాగం ఇచ్చింది. 1972లో అలాంటి బండ్లు రెండు, కొన్ని మార్పులతో, పనామా, కొలంబియాల మధ్య రోడ్డే లేని డారియన్ అడవిని దాటాయి. అప్పటి సీట్లు వినైల్‌వి, బురదైతే నీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. నాకు నచ్చే విలాసం ఇదీ.

నేను కాదన్నది మరొకటి. ముందే వేసి ఉంచిన పెద్ద గుడారాలు, అద్దాల దీపాలు, వంటవాళ్లు ఉండే ఒక విడిది నుంచి ఈమధ్య మాకు పిలుపు వచ్చింది. మేం సిద్ధం చేసిన బండిని గేటు దగ్గర ఫోటోల కోసం నిలబెట్టాలట. అతిథులు వేరే కార్లలో వస్తారు. డబ్బు బాగానే వచ్చేది, చిన్న సంస్థకు అది తేలిగ్గా వదులుకునే మొత్తం కాదు. అయినా వద్దన్నాను. దారి తొక్కని బండి మీద మా పేరు ఉండడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి మా కొలత ఒక్కటే: ఆ సుఖాన్ని మీ బండే మోయాలి, మీ చేతులే విప్పి, మడవాలి. ఇక్కడ బరువు దగ్గర రాజీ పడను. పైకప్పు మీద ఎంత మోయవచ్చో తయారీదారు చెప్పే పరిమితి నడిచే బండికి. పైకప్పు మీద బిగించే ర్యాక్, దానిమీద మడిచి ఉంచే గుడారం, లోపలి పరుపు అన్నీ అందులోకే వస్తాయి. ఆగి ఉన్నప్పుడు అదే పైకప్పు మనుషులతో సహా అంతకన్నా ఎక్కువే ఆపగలదు, కానీ పక్కకు వాలిన దారిలో పైనున్న ప్రతి కిలో బండిని పల్లానికి లాగుతుంది. మందమైన పరుపుతో ఇంకో చిక్కుంది. గుడారం మడిచాక పై కవరు పూర్తిగా మూసుకోదు, జిప్పు మూలల దగ్గర బిగుసుకుని పళ్లు విడిపోతాయి. వాన పడితే రాత్రికి తడి పరుపే గతి.

అందుకే మేం తెచ్చే మందపాటి పరుపు గాలి తీస్తే చుట్టగా మారి, పైకప్పు మీదికి కాకుండా బండి వెనక భాగంలో అమర్చిన డ్రాయర్‌లోకి వెళ్తుంది. మడిచే వంటబల్ల, వెచ్చని దుప్పటి కూడా అక్కడే. ఇప్పటికే గుడారం కొన్నవారు ఆర్డరు పెట్టేముందు బండి మోడల్, డ్రాయర్ లోపలి కొలతలు పంపండి. పట్టదనిపిస్తే అమ్మకుండా ఆ మాటే చెబుతాం.