64వ పేజీ తర్వాత మళ్లీ 49

చందాదారులకు నమస్కారం.

జూలై–సెప్టెంబరు సంచిక అందినవాళ్లు ఈపాటికి చూసే ఉంటారు. 64వ పేజీ తిప్పితే 65 రాదు, మళ్లీ 49 వస్తుంది. చదివినవే మళ్లీ 64 దాకా చదివి, అక్కణ్ణుంచి 81లో పడతాం. మన పత్రిక 112 పేజీలు, అంటే ఒక పెద్ద కాగితం మీద అచ్చేసి మడిస్తే వచ్చే 16 పేజీల ఫారాలు ఏడు. బైండింగ్‌లో ఐదో ఫారం పెట్టాల్సిన చోట నాలుగోదే రెండోసారి పెట్టేశారు.

ప్రెస్సాయన ముందు "ఏవో నాలుగైదు కాపీలు అలా పోయుంటాయి సార్" అన్నారు. మా ఇంట్లో మిగిలిన కట్టలన్నీ విప్పాను. అన్నీ అంతే. ఒక కట్ట తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడితే "రాత్రి షిఫ్టులో కొత్త కుర్రాడు సార్" అన్నారు. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను. బిల్లులో మాత్రం 112 పేజీలూ వరసగా ఉన్నాయి.

నా తప్పూ ఉంది. ఇదివరకు బైండింగ్ రోజు నేనే వెళ్లి మొదటి కాపీ పేజీ పేజీ తిప్పి చూసేవాణ్ణి. ఈసారి మోకాలి నొప్పని ఇంట్లో కూర్చుని, వాట్సాప్‌లో అట్ట ఫోటో చూసి ఓకే అనేశాను.

అన్నిటికన్నా నన్ను పొడిచింది వేరే ఉంది. 61వ పేజీలో మొదలయ్యే కథ ఒక కొత్త రచయిత్రిది. అచ్చులో ఆమె మొదటి కథ. 64వ పేజీ చివర తల్లి తలుపు తీస్తుంది. అక్కడ ఫుల్‌స్టాప్ కూడా పడింది, మా ఖర్మ. ముగ్గురు పాఠకులు ఫోన్ చేసి ముగింపు అద్భుతం అన్నారు. మన ఊహకు వదిలేశారట! ఆ అమ్మాయేమో "నా కథ కత్తిరించారా సార్?" అని అడిగింది. ముగింపు నచ్చే ఆ కథ తీసుకున్నాను. దాన్నే మూడుసార్లు తిరగరాయించాను కూడా.

ఐదో ఫారం విడిగా వేసి పంపేద్దామన్నారు ప్రెస్సువాళ్లు. ఆ కథను వచ్చే సంచికలో పెట్టి, రెండూ కలిపి సంయుక్త సంచిక అనేస్తే ఎవరడుగుతారని మా ఇంట్లోవాళ్లు. పదిహేను రోజులు నిద్ర లేదు. మా నాన్న భారతి సంచికలు ఏడాదికో బైండు చేయించి దాచారు. 1924లో మొదలై 1991లో ఆగిపోయిన పత్రిక అది. ఆ బైండ్లు తీసి ఇప్పటికీ పేజీ తప్పకుండా చదువుతాను. విడి ఫారం ఎవరింట్లో నిలుస్తుంది? పకోడీల కిందికి పోతుంది. ఇక సంయుక్త సంచిక అనే మాట మన అట్ట మీద ఇంతవరకూ పడలేదు, నేనుండగా పడదు. మొండితనం అనుకోండి.

అందుకే సంచిక మొత్తం మళ్లీ వేయిస్తున్నాను. సగం ఖర్చు ప్రెస్సుది, సగం నాది. ఎంతని అడక్కండి. ప్రెస్సు మార్చమన్నవాళ్లున్నారు. మార్చను. ఈసారి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

2024 డిసెంబరులో తపాలావాళ్లు పుస్తకాలు చౌకగా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేశాక ఒక్కో కాపీ పంపడమే భారమైంది. కాబట్టి సరైన కాపీ అక్టోబరు–డిసెంబరు సంచికతో కలిపి ఒకే కవరులో వస్తుంది. కవరు ఒకటే, సంచికలు రెండు. ఆ సంచిక 96 పేజీలే ఉంటుంది. కోత సమీక్షలకూ నా సంపాదకీయానికీ, కథలకు కాదు. 2021లో విపుల, చతుర మాసపత్రికలు ఆగిపోయాక నా బల్ల మీద కథల కవర్లు పెరిగాయి. వాటికి చోటు తగ్గించడానికి మనసొప్పలేదు.

చందా పెంచడం లేదు. పాత కాపీ తిప్పి పంపనక్కర్లేదు. చిరునామా మారినవాళ్లు మాత్రం ఒక కార్డు ముక్క రాయండి.

ముగింపు అద్భుతం అన్న ఆ ముగ్గురూ కొత్త కాపీలో 65వ పేజీ చదివి మళ్లీ నాకు ఫోన్ చేయాలి.