ఎత్తు కమోడ్ అడిగేవాళ్లకు మా షాపు నుంచి

ఈ నెల నుంచి మా షాపులో ఎత్తు కమోడ్ అడగ్గానే బిల్లు వేసి ఆటో ఎక్కించడం మానేస్తున్నాం. ముందు రెండు కొలతలు తీసుకుంటాం. ఒకటి బాత్‌రూమ్‌ది, రెండోది దాని మీద కూర్చోబోయే మనిషిది. "డబ్బులిస్తామంటే కొలతలంటారేంటండీ" అని ఒక మాస్టారు కౌంటర్ దగ్గర గట్టిగానే అడిగారు. ఆయనకు చెప్పిందే మీ అందరికీ కాస్త వివరంగా చెప్తాను.

మామూలు వెస్టర్న్ కమోడ్ అంచు నేల నుంచి సుమారు 15 అంగుళాలు ఉంటుంది. సీటు బిగిస్తే ఇంకో అంగుళం దాకా పెరుగుతుంది. ఎత్తు కమోడ్ అంటే సీటు పైభాగం 17 నుంచి 19 అంగుళాల మధ్య ఉండేది. అమెరికాలో వికలాంగుల సౌకర్యం కోసం 2010లో ఖరారు చేసిన ప్రమాణాల్లో ఉన్నది ఈ లెక్కే. మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో 450 నుంచి 480 మిల్లీమీటర్లు అని ఉంటుంది, అంటే దాదాపు 18, 19 అంగుళాలు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. క్యాటలాగులో రాసిన ఎత్తు చాలాసార్లు సీటు లేకుండా అంచు వరకే కొలిచినది. మీకు కావాల్సింది సీటుతో కలిపిన ఎత్తు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కూర్చోవడం కంటే లేవడం కష్టం. సీటు కిందికి ఉన్నకొద్దీ మోకాలు ఎక్కువ మడతపడుతుంది, ఒళ్లంతా ముందుకు వంచి తొడల బలంతో లేవాలి. రెండంగుళాలు పెరిగినా ఆ భారం తగ్గుతుంది. తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లకైతే డాక్టర్లు సాధారణంగా కొన్నాళ్లపాటు తుంటిని 90 డిగ్రీలు దాటి వంచొద్దంటారు. కూర్చున్నప్పుడు తుంటి మోకాళ్ల కంటే కిందికి దిగకూడదన్నమాట. పొడుగు మనిషికి మామూలు కమోడ్ మీద అది సాధ్యం కాదు. ఇదంతా నోరు తెరిచి చెప్పుకోలేక, రాత్రి లేవాల్సొస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేసే పెద్దవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. నేను ఈ సరుకు మీద ఇంత పట్టుదలగా ఉండటానికి కారణం వాళ్లే.

కానీ ఎత్తు అందరికీ మంచిది కాదు. అయిదడుగుల ఎత్తున్న అమ్మగారిని 19 అంగుళాల సీటు మీద కూర్చోబెడితే పాదాలు నేలకు ఆనవు. తొడల కింద సీటు అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మలబద్ధకం ఉన్నవాళ్లకు కాళ్లకు ఆసరా లేకపోతే ఇంకా ఇబ్బంది. అందుకని కింద పీట వేస్తే అర్ధరాత్రి ఆ పీటే కాలికి తగిలి పడతారు. ఇలాంటివాళ్లకు చాలాసార్లు ఉన్న కమోడే సరైన ఎత్తు, వాళ్లకు కావాల్సింది గోడకు పట్టుకునే రాడ్డు. కమోడ్ అమ్మితే మాకు మిగిలేది ఎక్కువ, రాడ్డు అమ్మితే తక్కువ. అయినా ఆ మాటే చెప్తున్నాం, ఇకముందూ అదే చెప్తాం.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు పూర్తిగా ఆనించి, మోకాలి వెనక మడత నుంచి నేల వరకు టేపు పెట్టండి. బాత్‌రూమ్‌లోకి చెప్పులతో వెళ్లే అలవాటుంటే చెప్పులతోనే కొలవండి. సీటు ఆ కొలతకు దగ్గరగా ఉండాలి. లేవడం బాగా కష్టమైతే ఒకటి, మహా అయితే రెండంగుళాలు ఎక్కువ పెట్టుకోవచ్చు. ఒకటే బాత్‌రూమ్ ఉండి, బాబాయ్ గారు ఆరడుగులు, పిన్నిగారు అయిదడుగులు అయితే కష్టం ఎవరిది ఎక్కువో ఇంట్లో మాట్లాడుకుని రండి. ఆ నిర్ణయం మేం చేయలేం.

విదేశాల్లో ఉన్న పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోన్ చేసి, తమ ఇంట్లో ఉన్న మోడలే అమ్మానాన్నలకు పెట్టమంటారు. ప్రేమతో అడుగుతున్నారని తెలుసు. కానీ అక్కడి కమోడ్‌కు గోడ నుంచి నేలలోని గొట్టం మధ్యకు 12 అంగుళాల దూరం మామూలు. ఇక్కడ ఇళ్లలో ఎక్కువగా 4 అంగుళాలో 9 అంగుళాలో ఉంటుంది. ఆ ఒక్క తేడాతో నేలంతా తవ్వాల్సి వస్తుంది. మోడల్ పేరు బదులు నాన్నగారి మోకాలి కొలత, బాత్‌రూమ్ వీడియో వాట్సాప్‌లో పంపండి.

ఇక బిగింపు సంగతి. అసలు గొడవంతా ఇక్కడే. కమోడ్ గొట్టం నేలలోకి దిగితే ఎస్ ట్రాప్, వెనక గోడలోకి వెళ్తే పి ట్రాప్. మీ ఇంట్లో ఉన్న రకానికి, ఉన్న దూరానికి సరిపోయే ఎత్తు మోడల్ దొరికితే పని సులువు. పాతది ఊడదీసి కొత్తది కూర్చోబెట్టడమే. దొరకనప్పుడు చాలామంది మేస్త్రీలు ఉన్న కమోడ్ కిందే దిమ్మ కట్టి లేపుతారు. అది తప్పు పని కాదు, చవక కూడా. కానీ దిమ్మ కమోడ్ అడుగు ఎంత ఉందో అంతే ఉండాలి, అదే ఆకారంలో ఉండాలి. వెడల్పుగా కడితే కూర్చున్న మనిషి పాదాలు కూడా ఆ దిమ్మ మీదికే వస్తాయి. మూడంగుళాలు లేపినా ఎత్తు పెరగనట్టే, పైగా దిగేటప్పుడు ఒక మెట్టు తయారవుతుంది. ఎస్ ట్రాప్ అయితే లేపినంత మేర గొట్టాన్ని పొడిగించాలి. ఆ అతుకు సరిగా పడకపోతే మురుగు దిమ్మ కిందే చేరి, వాసన వచ్చేదాకా బయటపడదు. మా ప్లంబర్ ఆ అతుకు వేశాక బకెట్లతో నీళ్లు పోసి చూసిన తర్వాతే దిమ్మ మూయిస్తున్నాం. అందుకే మా కూలీ బజారు కంటే ఎక్కువ, పనికి కూడా ఇంకో పూట పడుతుంది.

గోడకు వేలాడే కమోడ్‌ను బిగించేటప్పుడు కావాల్సిన ఎత్తులో పెట్టుకోవచ్చు. కొత్త ఇల్లు కట్టేవాళ్లకు నేను చెప్పేది అదే. పాత ఇంట్లో అయితే గోడ పగలగొట్టాలి, కాబట్టి అడిగినవాళ్లందరికీ సరే అనలేం.

పట్టుకునే రాడ్డు విషయంలో మాత్రం మొహమాటపడను. టవల్ రాడ్డు బరువు మొయ్యదు. దాన్ని పట్టుకుని లేస్తే రాడ్డుతో సహా కింద పడతారు. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో గోడలు ఎక్కువగా తేలిక ఇటుకలవి, ఏఏసీ బ్లాకులంటారు. ఎర్ర ఇటుక గోడలో పట్టే మామూలు ప్లగ్గు వాటిలో నిలవదు. కెమికల్ యాంకర్ వెయ్యాలి, అంటే రంధ్రంలో గట్టిపడే రసాయనం నింపి బోల్టు బిగించాలి, లేదంటే గోడ అవతలి దాకా బోల్టు పంపి వెనక ప్లేటు పెట్టాలి. కాబట్టి గోడ ఏ రకమో చెప్పకుండా రాడ్డు ఒక్కటే కొనుక్కెళ్తామంటే ఇక ఇవ్వడం లేదు. కోపం వస్తే రానివ్వండి.

నేల మీద గొంతుక్కూర్చునే ఇండియన్ బేసిన్ తీసి కమోడ్ పెట్టించేవాళ్లకు అసలు ఖర్చు కమోడ్‌ది కాదు. బేసిన్ గొట్టం ఉన్నచోట కమోడ్ గొట్టం రాదు, కాబట్టి నేల తవ్వాలి. మేడ మీద ఇళ్లలో ఆ నేల కింద వాటర్‌ప్రూఫింగ్ ఉంటుంది. అది చెడితే కింది ఇంటివాళ్ల సీలింగ్ కారుతుంది. మళ్లీ చేయించకుండా టైల్స్ వేసే పని మేం ఒప్పుకోం. సిమెంట్ ఆరేదాకా ఆ బాత్‌రూమ్ వాడకూడదు. ఇంట్లో పెద్దవాళ్లుండి వేరే బాత్‌రూమ్ లేకపోతే, ఆ రోజులకు వాళ్లు ఎక్కడ ఉంటారో తేల్చుకున్నాకే తేదీ ఇస్తాం.

ఆపరేషన్ తర్వాత కొద్ది నెలలకే కావాలంటే కమోడ్ మార్చొద్దు. నాలుగు కాళ్ల స్టీలు ఫ్రేముతో, చేతులు ఆనించుకునే కుర్చీలాంటి స్టాండు మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ఉన్న కమోడ్ మీదే అది నిలబడుతుంది. సీటు మీద తగిలించే ప్లాస్టిక్ ఎత్తు సీట్లు కూడా ఉన్నాయి. కొనే ముందు మీ కమోడ్ మీద పెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. కదిలితే వద్దు.

చివరిగా సరుకు గురించి. మాకు వచ్చే పింగాణీ సామాను చాలావరకు గుజరాత్‌లోని మోర్బీ, థాన్‌గఢ్ వైపు నుంచి. ఎత్తు మోడళ్లలో వచ్చే పీసులు తక్కువ, 4 అంగుళాల ఎస్ ట్రాప్‌లో ఇంకా తక్కువ. బుక్ చేసినవాళ్లు వచ్చే లోడు దాకా ఆగాలి. ఆగలేమంటే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం, ఏమీ పట్టుకోం. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఈ వారంలో మూడు వివరాలు పంపండి: మోకాలి కొలత, ట్రాప్ రకం, గోడ నుంచి గొట్టం మధ్యకు దూరం. కొలవడం రాకపోతే ఫోన్ చేయండి, మా అబ్బాయి టేపు తీసుకుని ఇంటికే వస్తాడు. ఊళ్లో దానికి చార్జీ లేదు.