గిట్‌హబ్ టోకెన్: శుక్రవారం రాత్రికల్లా రెడీ చేసుకోండి

ఫ్రెండ్స్, శనివారం ఉదయం 10కి అందరం మన కోడ్‌ని గిట్‌హబ్‌ (కోడ్ దాచుకునే సైట్)కి పుష్, అంటే అప్‌లోడ్, చేస్తున్నాం. అకౌంట్ పాస్‌వర్డ్ కొడితే పని జరగదు, 2021 ఆగస్టులోనే ఆపేశారు. దాని బదులు టోకెన్ (పాస్‌వర్డ్‌లా పనిచేసే పొడవాటి కోడ్) కావాలి.

సెట్టింగ్స్ > డెవలపర్ సెట్టింగ్స్ > పర్సనల్ యాక్సెస్ టోకెన్స్ > ఫైన్‌గ్రెయిన్డ్.
గడువు 30 రోజులు చాలు.
మీ రిపోజిటరీ (ప్రాజెక్ట్ ఫోల్డర్) ఒక్కటే ఎంచుకోండి.
పర్మిషన్లలో కంటెంట్స్‌కి 'రీడ్ అండ్ రైట్' ఇవ్వండి. 'రీడ్ ఓన్లీ' అని వదిలేస్తే క్లోన్ (కోడ్ కాపీ దించుకోవడం) బాగానే అవుతుంది, పుష్ దగ్గర అనుమతి లేదంటూ 403 ఎర్రర్ వచ్చి కూర్చుంటుంది.

టోకెన్ ఒక్కసారే కనిపిస్తుంది, వెంటనే కాపీ చేసుకోండి. పుష్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడిగిన చోట దాన్నే పేస్ట్ చేయాలి. టెర్మినల్‌ (కమాండ్లు కొట్టే విండో)లో అక్షరాలు కనపడవు, కంగారు పడొద్దు.

విండోస్ పాత లాగిన్‌నే పట్టుకుని వేలాడుతుంటే, క్రెడెన్షియల్ మేనేజర్‌ (విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే చోటు)లో గిట్‌హబ్ ఎంట్రీ తీసేసి మళ్లీ పుష్ కొట్టండి.

అన్నట్టు, టోకెన్ స్క్రీన్‌షాట్ తీసి ఇక్కడ మాత్రం పెట్టకండి బాబూ! అయిపోయినవాళ్లు 'డన్' అనండి.