నేలపట్టు చెరువు మట్టం కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో సోమశిల, కండలేరు నీటిమట్టాలు వేస్తుంటారు కదా, వాటి కిందే వారానికోసారి నేలపట్టు చెరువు మట్టం కూడా వేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను దొరవారిసత్రంలో ఆటో నడుపుతాను. సీజన్లో హైవే మీద బస్సు దిగినవాళ్లను పక్షుల దగ్గరికి తీసుకెళ్తుంటాను. ఫ్లెమింగో పండగ మూడు రోజులూ టీ తాగడానికి కూడా తీరిక ఉండదు.

వచ్చినవాళ్లలో సగం మంది ఆటో దిగీ దిగకముందే "ఏందన్నా, ఫ్లెమింగోలు ఏవీ?" అంటారు. అవి పులికాట్ సరస్సు వైపు ఉప్పునీళ్లలో మేస్తుంటాయని చెప్పి, చెరువులో కడప చెట్లు చూపిస్తాను. నెలల తరబడి మొదళ్లు నీళ్లలో మునిగి ఉన్నా చావని చెట్లు అవి. గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు అన్నీ వాటి మీదే గూళ్లు కడతాయి. గూడబాతులు మేతకు పులికాట్ దాకా పోయి, చేపలు మింగుకుని వచ్చి పిల్లలకు పెడతాయి. పెట్టేటప్పుడు చూడాలి! పిల్ల తల్లి ముక్కు సంచిలోకి తల దూర్చేస్తుంది, మెడ సగం లోపలే. తల్లి ఊగిపోతుంటుంది. పోయినేడు వాచ్ టవర్ మీద ఒక పెద్దావిడ "అయ్యో, బిడ్డను మింగేస్తోంది" అని అరిచేసింది.

ఈ చోటును 1976లో అభయారణ్యం చేశారు. మొత్తం 458 హెక్టార్లు. చెరువు పోను మిగతాది చిట్టడవి. అందులో దేవాంగ పిల్లి ఉంది, పేరుకే పిల్లి, రాత్రిళ్లు చెట్ల మీద తిరిగే పెద్ద కళ్ల చిన్న జంతువు, ఇన్నేళ్లలో నాకు ఒక్కసారే కనబడింది. దాని గురించి ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

నా బాధ పండగ తర్వాతి రోజుల గురించి. అక్టోబర్ వానలకు చెరువు నిండితే పక్షులు గూళ్లు పెడతాయి. గూడబాతు గుడ్డు పొదగడానికి నెల పడుతుంది, పిల్లకు సరిగా రెక్కలు రావడానికి మరో మూడు నెలల పైనే. అంటే జనవరిలో షామియానాలు పీకేసే నాటికి చాలా పిల్లలు ఇంకా గూట్లోనే ఉంటాయి. అప్పటి నుంచి ఆటో ఖాళీ, చెరువు వైపు చూసేవాడు లేడు. నీళ్లేమో తగ్గుతుంటాయి. చెట్ల కింద నీళ్లున్నంత వరకు కుక్కలు రాలేవు. ఒక మార్చిలో బురద తేలిన చోట పడి ఉన్న పిల్లను చూశాను. తెల్లటి నూగు నిండా బురద, నోరు తెరిచి చూస్తోంది. నాలుగు కుక్కలు గట్టు మీద ఉన్నాయి. రాళ్లేసి తరిమాను గానీ, ఎంతసేపని నిలబడతాను?

రైతులను తప్పు పట్టడం లేదు. చెరువు కింద మా బావకు మడి ఉంది. రెట్టలు కలిసిన ఈ నీళ్లు పారితే ఎరువు సగం కలిసొస్తుందని ఆయనే అంటాడు, తూము ఎత్తమని ముందుగా అడిగేదీ ఆయనే. నీళ్లు ఎన్ని ఉన్నాయో ఫిబ్రవరిలోనే అందరికీ తెలిస్తే, పొలానికి ఎంత, పక్షులకు ఎంత అని కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఎండిపోయాక మాట్లాడేదేముంది?

ఫిబ్రవరి, మార్చి రెండు నెలలు, వారానికి ఒక్క లైను చాలు. మీ విలేకరి వస్తే నా ఆటోలోనే తీసుకెళ్తాను, బాడుగ వద్దు.

ఇట్లు
ఒక ఆటో డ్రైవర్,
దొరవారిసత్రం, తిరుపతి జిల్లా