వైర్‌లెస్ వేగాన్ని ఒక్క అంకెలో చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

వైర్‌లెస్ పరిశోధనల మీద పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటున్నాయి. సెకనుకు ఇన్ని గిగాబిట్లు సాధించారని పెద్ద శీర్షిక, దాని కింద నాలుగు పేరాలు. ఎంత దూరంలో కొలిచారు, ఎంత వెడల్పు ఛానెల్ (రేడియో వాడే తరంగాల పట్టీ) వాడారు, ఆ సమయంలో అదే ఛానెల్‌లో ఇంకెవరైనా ఉన్నారా, ఒక్కసారి కొలిచారా పదిసార్లు కొలిచారా, అసలు గాలిలో కొలిచారా లేక కంప్యూటర్‌లో సిమ్యులేషన్ నడిపారా అన్నవి ఎక్కడా ఉండవు. నెట్‌వర్క్‌ల పనితీరు కొలవడమే మా పని. ఆ వివరాలు లేని అంకె పాఠకుడికి ఎందుకు పనికిరాదో లెక్కలతో సహా చెప్పాలనిపించి ఈ లేఖ రాస్తున్నాం.

రూటర్ పెట్టె మీద అచ్చువేసేది రేడియో బిట్లను గాలిలోకి వదిలే వేగం. కానీ రేడియో ఎడతెగకుండా పంపుతూ ఉండదు. వై-ఫైలో ఒక ఛానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. మాట్లాడే ముందు ఛానెల్ ఖాళీగా ఉందో లేదో వినాలి, కొంతసేపు ఆగాలి, దానిమీద లాటరీలా తీసుకున్న మరికొంత సమయం ఆగాలి. పంపాక అవతలి నుంచి అందినట్టు రసీదు రావాలి. పాతదే అయినా లెక్కకు సులువైన 802.11ఎ అనే వై-ఫై ప్రమాణాన్నే తీసుకోండి. దాని గరిష్ఠ వేగం సెకనుకు 54 మెగాబిట్లు. 1500 బైట్ల ప్యాకెట్ (డేటా మూట) ఒకటి పంపాలంటే మొదట 34 మైక్రోసెకన్లు ఆగాలి. తర్వాత 0 నుంచి 15 లోపు వచ్చిన అంకెను బట్టి, ఒక్కో స్లాటుకు (సమయపు తునకకు) 9 మైక్రోసెకన్ల చొప్పున, సగటున 67.5 మైక్రోసెకన్ల బ్యాకాఫ్, అంటే ఇందాకటి లాటరీ నిరీక్షణ. అవతలి రేడియో సర్దుకోవడానికి ముందుండే 20 మైక్రోసెకన్ల ప్రియాంబుల్‌తో కలిపి డేటా ఫ్రేమ్‌కు, అంటే గాలిలో వెళ్లే రూపంలోని ప్యాకెట్‌కు, 248. ఆపైన 16 విరామం, రసీదుకు 28. అన్నీ కలిపితే 393.5 మైక్రోసెకన్లు. అంతసేపట్లో చేరింది 12,000 బిట్లు, అంటే సెకనుకు సుమారు 30 మెగాబిట్లు. ఒక్క తప్పూ జరగలేదు, పక్కన ఇంకో పరికరమూ లేదు. అయినా పెట్టె మీది అంకెలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే మిగిలింది. డేటా పూర్తిగా చేరేలా చూసే టీసీపీ అనే ఇంటర్నెట్ పద్ధతి వాడితే దాని సొంత రసీదులకూ ఇదే గాలిలో చోటు కావాలి కనక ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్కలోనే ఇంకో విషయం ఉంది. రేడియో వేగాన్ని ఎంత పెంచినా తగ్గేది డేటా భాగం ఒక్కటే. ఆ భాగాన్ని సున్నా సమయంలో పంపగలిగినా మిగతా 165.5 మైక్రోసెకన్లు ఎటూ పోవు కాబట్టి, ప్యాకెట్‌కు ఒక వంతు చొప్పున పంపినంతకాలం సెకనుకు సుమారు 72.5 మెగాబిట్లు దాటలేం. 2009లో వచ్చిన 802.11ఎన్‌లో అనేక ఫ్రేమ్‌లను ఒకే మోపుగా కట్టి పంపే పద్ధతిని పెట్టింది ఇందుకే. ఒకసారి ఆగితే చాలు, మోపంతా ఒకేసారి వెళ్తుంది. కొత్త ప్రమాణాల్లో నిజంగా చేతికందే పెద్ద అంకెలకు యాంటెన్నాలతో పాటు ఈ మోపు కట్టడమూ కారణం. చిన్న చిన్న ప్యాకెట్లు పంపే వాయిస్ కాల్‌కు మోపు కట్టేంత సరుకే ఉండదు, అందుకే ఆ పెద్ద అంకె దానికి అక్కరకు రాదు.

పక్కన మరొకరు చేరితే కథ ఇంకా మారుతుంది. రెండు ల్యాప్‌టాప్‌లు యాక్సెస్ పాయింట్‌కు (వై-ఫై ఇచ్చే పెట్టెకు) దగ్గరగా ఉండి డేటా పంపుతుంటే చెరో 15 మెగాబిట్లు దక్కుతాయి. ఒకటి దూరంగా గోడ చాటుకు వెళ్లి 6 మెగాబిట్ల వేగానికి పడిపోయిందనుకోండి. దాని ఒక్క ఫ్రేమ్‌కే 2,000 మైక్రోసెకన్లు దాటుతుంది. వై-ఫై వంతులు ప్యాకెట్ల లెక్కన ఇస్తుంది, సమయం లెక్కన కాదు. వంతు సమానమే, ఆ వంతులో దూరంగా ఉన్నదాని ఫ్రేమ్ తీసుకునే గాలి సమయం మాత్రం ఎనిమిది రెట్లు. ఫలితంగా దగ్గర కూర్చున్నవారికీ 5 మెగాబిట్లు దక్కవు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఒకరి నిదానాన్ని అందరూ పంచుకుంటారు. దీన్ని 802.11 పనితీరు వైపరీత్యంగా 2003లోనే పరిశోధకులు వివరించారు. వంతులు గాలి సమయం లెక్కన ఇచ్చే పద్ధతి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోకి 2017లో వచ్చింది. ఆ పద్ధతిలో పై ఉదాహరణలోని దగ్గరి ల్యాప్‌టాప్‌కు మళ్లీ 15 వస్తుంది, దూరంగా ఉన్నదానికి 2.7 దాకా వస్తుంది. కాబట్టి ఒక కొత్త రూటర్‌ను ఒక్క పరికరంతో పరీక్షించి ఇచ్చిన వేగం, నలుగురు వాడే చోట దాని నడతను చెప్పదు.

ఛానెల్ వెడల్పు గురించి క్లుప్తంగా. 20 మెగాహెర్ట్జ్ ఛానెల్‌లో సహజంగా ఉండే ఉష్ణ శబ్దం మైనస్ 101 డీబీఎం (సిగ్నల్ బలాన్ని చెప్పే కొలత) దగ్గర ఉంటుంది. 80 మెగాహెర్ట్జ్‌కు వెడల్పు చేస్తే అది 6 డెసిబెళ్లు పెరుగుతుంది, ట్రాన్స్‌మిటర్ పవర్ మాత్రం అంతే ఉంటుంది. దగ్గరలో వేగం బాగా పెరిగినా దూరంలో సిగ్నల్‌కు, శబ్దానికి మధ్య తేడా సన్నగిల్లి కనెక్షన్ తెగుతూ ఉంటుంది. ఫోన్‌లో కనిపించే గీతలు సిగ్నల్ బలాన్ని చూపిస్తాయే తప్ప ఈ తేడాను చూపించవు.

వార్తల్లో అసలు చోటే దొరకనిది ఆలస్యం. వాడేవారిని ఎక్కువగా వేధించేది మాత్రం అదే. అప్‌లోడ్ వేగం సెకనుకు 20 లక్షల బిట్లు, మోడెమ్‌లో 5 లక్షల బైట్ల బఫర్ (ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోటు) ఉందనుకుందాం. ఎవరో వీడియో అప్‌లోడ్ చేస్తూ ఆ బఫర్ నింపేస్తే అందులో 40 లక్షల బిట్లు క్యూ కట్టి ఉన్నట్టు. ఆ తర్వాత వచ్చిన మీ కాల్ ప్యాకెట్ 2 సెకన్లు ఆగాలి. వాయిస్ కాల్‌లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫార్సు. డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు మాత్రమే ఇచ్చే స్పీడ్ టెస్ట్‌లో ఈ లోపం కనపడదు, ఎందుకంటే బఫర్ నిండి ఉంటే ఆ అంకె ఇంకా అందంగా వస్తుంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రతిపాదించిన కోడెల్ పద్ధతి క్యూ పొడవును పట్టించుకోదు, ప్యాకెట్ అందులో ఎంతసేపు ఆగిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 100 మిల్లీసెకన్ల పాటు ఒక్కసారి కూడా 5 మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే కొన్ని ప్యాకెట్లను పంపకుండా పారేయడం మొదలుపెడుతుంది. పంపేవైపు టీసీపీ అది గ్రహించి నెమ్మదిస్తుంది.

దీన్ని పాఠకులే పరీక్షించుకోవచ్చు. కంప్యూటర్ నుంచి రూటర్‌కు ఒక పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయాన్ని కొలిచే చిన్న ప్యాకెట్), బయటి సర్వర్‌కు మరో పింగ్, సెకనుకు 5 చొప్పున 60 సెకన్లు నడపండి. ఇంట్లో ఎవరూ ఏమీ వాడని సమయంలో ఒకసారి, పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతుండగా ఇంకోసారి. ఒక్కో పింగ్‌కు 300 కొలతలు వస్తాయి. వాటిని చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టి 150వ దాన్ని (సగం కొలతలు దీని లోపే), 285వ దాన్ని (నూటికి 95 దీని లోపే) చూడండి. రూటర్‌కు వెళ్లే పింగే ఎగిరిపడితే చిక్కు గాలిలో ఉంది, ఛానెల్ మార్చడమో యాక్సెస్ పాయింట్ జరపడమో చేయాలి. రూటర్ పింగ్ నిలకడగా ఉండి బయటిది మాత్రమే ఎగిరితే చిక్కు బఫర్‌లో ఉంది. అప్పుడు రూటర్‌లో కోడెల్ లాంటి క్యూ పద్ధతి ఉంటే దాన్ని ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతానికి దించండి. పరిమితి దించకుండా ఆన్ చేస్తే క్యూ మోడెమ్‌లోనే పేరుకుంటుంది, రూటర్‌లోని పద్ధతికి పనే ఉండదు. సగటును మాత్రం నమ్మకండి. వంద ప్యాకెట్లలో 95 ప్యాకెట్లు 10 మిల్లీసెకన్లలో, 5 ప్యాకెట్లు 600 మిల్లీసెకన్లలో వస్తే సగటు 39.5 అని చక్కగా కనిపిస్తుంది, కాల్‌లో మాట మాత్రం తెగిపోతూనే ఉంటుంది.

ఇక సిమ్యులేషన్లు. అవి అవసరమే, వెయ్యి పరికరాల నెట్‌వర్క్‌ను ప్రతిసారీ కట్టి చూడలేం. కానీ సిగ్నల్ గుండ్రంగా వ్యాపిస్తుందని, నాకు నువ్వు వినిపిస్తే నీకూ నేను వినిపిస్తానని, బలం దూరాన్ని బట్టే తగ్గుతుందని అనుకుని రాసిన మోడల్‌తో ఫలితం తీస్తే అది నేల విడిచి సాము చేయడమే. నిజమైన గదుల్లో ఈ మూడూ తప్పుతాయి. ఇంకో తప్పు తెలియకుండా జరిగిపోతుంది. ఎన్‌ఎస్-3 సిమ్యులేటర్‌లో రన్ నంబర్ మార్చకపోతే అవే యాదృచ్ఛిక సంఖ్యలు మళ్లీ వస్తాయి. విద్యార్థి పదిసార్లు నడిపి, పదిసార్లూ ఒకే ఫలితం వచ్చిందని సంతోషిస్తాడు. నిజానికి అతను నడిపింది ఒక్కసారే. సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలకు మొదలైన అంకె) అలాగే ఉంచి రన్ నంబర్ మారుస్తూ నడపాలి, మొదట్లో నెట్‌వర్క్ కుదుటపడే సమయాన్ని లెక్కలోంచి తీసేయాలి. పది రన్‌ల సగటు 24 మెగాబిట్లు, ప్రామాణిక విచలనం 3 అయితే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే హద్దు 24కు అటూ ఇటూ 2.1. అంతే విచలనంతో కొత్త పద్ధతికి 25.5 వచ్చినంత మాత్రాన అది మెరుగని ఆ పది రన్‌లతో చెప్పలేం. మొబైల్ నెట్‌వర్క్‌ల పరిశోధకుల మోబిహాక్ సదస్సులో 2000 నుంచి 2005 దాకా వచ్చిన పేపర్లను పరిశీలించిన ఒక సమీక్ష, ఇతరులు మళ్లీ చేసి చూడగలిగేలా ఉన్నవి 15 శాతం లోపేనని తేల్చింది.

మీ పత్రికకు మా విన్నపం ఇది. వైర్‌లెస్ పరిశోధన వార్త వేసేటప్పుడు వేగం పక్కనే దూరం, ఛానెల్ వెడల్పు, పరికరాల సంఖ్య, లోడ్‌లో ఉన్నప్పటి ఆలస్యం, ఎన్నిసార్లు కొలిచారో, గాలిలోనా సిమ్యులేషన్‌లోనా అన్నదీ రాయండి. రెండు వాక్యాలు చాలు. ప్రకటనలో అవి లేకపోతే పరిశోధకులనే అడగండి. వాళ్లూ చెప్పలేకపోతే ఆ అంకెను శీర్షికలో పెట్టకండి.

ఇట్లు,
వైర్‌లెస్ నెట్‌వర్క్‌ల పనితీరుపై పనిచేస్తున్న కొందరు పరిశోధకులు