దగ్గితే రక్తం పడుతోందా? కఫంతో పాటు మూత్రమూ పరీక్షించాలి

సంపాదకుల వారికి,

దగ్గితే రక్తం పడుతోందని వచ్చిన మనిషికి ముందు ఎక్స్‌రే తీస్తారు, కఫం పరీక్ష చేస్తారు. టీబీ ఇంతగా ఉన్న దేశంలో అది సరైన పద్ధతే. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల ఛాతీ ఓపీల్లో అదే రోజు మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా తప్పనిసరి చేయాలన్నది మా విన్నపం. కొందరిలో ఆ రక్తానికి కారణం టీబీ కాదు, వాస్కులైటిస్. రోగనిరోధక శక్తి సొంత రక్తనాళాల మీదే తిరగబడి వాటి గోడల్ని దెబ్బతీసే జబ్బు ఇది. ఇందులో, రక్తంలో ఆంకా అనే యాంటీబాడీలతో ముడిపడ్డ ఆంకా వాస్కులైటిస్ అనే రకం ఊపిరితిత్తులతో పాటు కిడ్నీలనూ పట్టుకుంటుంది.

ఈ జబ్బులో ఎక్స్‌రేలో మచ్చలు, కేవిటీలు (గుంతలు) అచ్చం టీబీలాగే ఉండొచ్చు. కఫంలో క్రిములు దొరక్కపోయినా టీబీ మందులు రాసి, రెండు నెలలు చూద్దామంటారు. కిడ్నీలు అంత గడువు ఇవ్వవు. 1.4 ఉన్న క్రియాటినిన్ రెండు మూడు వారాల్లోనే డయాలసిస్ దాకా వెళ్లిపోవచ్చు. మూత్రంలో రక్తం కంటికి కనపడనక్కర్లేదు, స్ట్రిప్‌లో రక్తం, ప్రొటీన్ రెండూ కనిపిస్తే చాలు అనుమానించడానికి. దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాయడం, బెజవాడ ఎండలకు వేడి చేసిందని బార్లీ నీళ్లతో సరిపెట్టుకోవడం మామూలైపోయింది. శాంపిల్ తాజాగా ఉండగానే మైక్రోస్కోపు కింద చూడాలి. గంటల తరబడి బల్ల మీద ఉంచితే, కిడ్నీలో వాపును పట్టిచ్చే, గొట్టాల ఆకారంలో పేరుకున్న కణాల ముద్దలు కరిగిపోతాయి.

ముక్కులో రక్తపు పెచ్చులు, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి చెవి దిబ్బడ, నొక్కినా చెరగని ఊదా మచ్చలు కాళ్ల మీద రావడం, పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం, వారాల తరబడి జ్వరం, బరువు తగ్గడం... వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే ఆంకా పరీక్ష చేయించాలి. అందులో పీఆర్3, ఎంపీఓ అనే రెండు రకాల యాంటీబాడీలూ చూడాలి. అయితే ఆంకా పాజిటివ్ వచ్చినంత మాత్రాన వాస్కులైటిస్ అని తేల్చేయకూడదు. టీబీలోనూ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లోనూ అది పాజిటివ్ రావచ్చు. అందుకే కఫం పరీక్ష మానేయమని మేము అనడం లేదు. వీలైన చోట కిడ్నీ బయాప్సీ చేస్తే అనుమానం తీరుతుంది.

ఇంత తొందర ఎందుకో అంకెలే చెబుతాయి. 1958లో అచ్చైన ఒక పరిశీలనలో, ఈ జబ్బులో ఒక రకం వచ్చి సరైన మందు లేనివారు సగటున 5 నెలలే బతికారు. ఏడాదిలోపే 82 శాతం మంది చనిపోయారు. తర్వాత రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్, స్టెరాయిడ్ కలిపి వాడటం మొదలయ్యాక పరిస్థితి తిరగబడింది. ఐరోపాలో 535 మందిని ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన లెక్కల్లో ఏడాది తర్వాత 88 శాతం, ఐదేళ్ల తర్వాత 78 శాతం మంది బతికే ఉన్నారు. అయినా అదే వయసు మామూలు జనంతో పోలిస్తే మరణాలు 2.6 రెట్లు. మొదటి ఏడాది మరణాల్లో జబ్బు తీవ్రత వల్ల పోయినవారు 19 శాతమే, ఇన్ఫెక్షన్లతో పోయినవారు 48 శాతం.

ఇక్కడే మన వ్యవస్థ మేలుకోవాలి. మందు మొదలుపెట్టి వదిలేస్తే సరిపోదు. స్టెరాయిడ్‌ను రెండో వారానికే సగానికి తగ్గించినా మరణాలు, కిడ్నీలు పూర్తిగా చెడిపోవడం పెరగలేదనీ, పైగా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తగ్గాయనీ 704 మందితో జరిగి 2020లో వెలువడిన పెక్సివాస్ అనే క్లినికల్ ట్రయల్ తేల్చింది. ఇప్పటికీ నెలల తరబడి 60 మిల్లీగ్రాములు నడిపించే చీటీలు కనపడుతూనే ఉన్నాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి వచ్చే న్యుమోసిస్టిస్ అనే ఫంగస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మందు చిన్న మాత్ర రోజుకొకటి, లేదా పెద్దది వారానికి మూడు ఇవ్వాలి. సల్ఫా పడనివారికి వేరే మందు చూడాలి, కిడ్నీ పనితీరును బట్టి మోతాదు మార్చాలి. మాత్ర చవకే, రాయడమే మరిచిపోతున్నారు. సైక్లోఫాస్ఫమైడ్ ఇంజెక్షన్ తర్వాత పదో రోజు ప్రాంతంలో, మళ్లీ వేసేముందు తెల్లకణాలు చూడాలి. 4,000 కంటే తగ్గితే వాయిదా వేయాలి. వయసు 60 దాటినా, కిడ్నీ దెబ్బతిన్నా మోతాదు తగ్గించాలి. ఈ జబ్బుకే వాడే మరో మందు రిటుక్సిమాబ్ ఇచ్చేముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పదు.

రోగుల ఇళ్లవాళ్లు కూడా ఒక్కటి గుర్తుంచుకోవాలి. మొహం ఉబ్బిందనో, షుగర్ పెరిగిందనో స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 100.4 డిగ్రీలు దాటిన జ్వరాన్ని ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో సరిపెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

ఏడాది గడిచాక ఎక్కువగా ప్రాణం తీసేది గుండె జబ్బులు, క్యాన్సర్లు, ఇన్ఫెక్షన్లే. అందుకని బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ జీవితాంతం చూసుకోవాలి. సైక్లోఫాస్ఫమైడ్ వాడినవారికి ఏళ్ల తర్వాత మూత్రంలో రక్తం కనిపిస్తే మూత్రాశయాన్ని కూడా పరీక్షించాలి.

ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ జబ్బుకు పడకమీద ఉన్నప్పటి వైద్యంతో పాటు, ఆ తర్వాతి రెండేళ్ల రక్త, మూత్ర పరీక్షలు కూడా ఒకే ప్యాకేజీ కింద అందాలి. రెండు ఆసుపత్రుల్లోనూ ఆంకా ఫలితం రెండు మూడు రోజుల్లో చేతికి రావాలి. డిశ్చార్జి రోజున తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. స్టెరాయిడ్ ఏ తేదీ నుంచి ఎన్ని మిల్లీగ్రాములో, తెల్లకణాల పరీక్ష ఎప్పుడో అందులో రాసి ఉండాలి. అర్ధరాత్రి జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా ఆ కార్డు మీదే ఉండాలి.

— కొందరు కిడ్నీ, కీళ్లవాత వైద్యులు, విజయవాడ